ప్రశ్నావళికి ప్రాణం పోసిన ఆచార్యుడు: ప్రశాంతచంద్ర మహలనోబిస్

సెల్‌ఫోను చేతనున్న ఏ విద్యార్థి అయినా నేడు అరగంటలో ఒక ప్రశ్నావళిని తయారుచేసి వెయ్యిమందికి పంపగలడు. సమాధానాలు వచ్చి చేరుతూండగానే వాటిని లెక్కించి, శాతాలుగా మార్చి, రంగురంగుల పటాలుగా చూపించే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే లభిస్తున్నది. కంప్యూటర్ శాస్త్రం చదివే విద్యార్థులలో అటువంటి వెబ్ సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా నిర్మించి, ప్రాజెక్టుగా సమర్పించేవారూ ఉన్నారు. ప్రశంసింపదగిన విషయమే. కాని వచ్చిన ఆ సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు యంత్రం తనంతట తాను జవాబు చెప్పదు. జవాబు చెప్పే ఏర్పాటును సర్వేను రూపొందించేవాడే ముందుగా అందులో అమర్చి ఉంచవలెను. ఈ విషయాన్ని కంప్యూటర్లు లేని కాలంలోనే గ్రహించి, జనుమునారచేల గట్లమీద, కరువు పీడిత గ్రామాలలో, చివరకు యావద్భారతదేశంలో ఆచరణలో పెట్టి చూపిన మేధావి ఆచార్య ప్రశాంతచంద్ర మహలనోబిస్.

మహలనోబిస్ 1893 జూన్ 29వ తేదీన కలకత్తాలో జన్మించారు. వారిది బ్రహ్మసమాజ కుటుంబం. పితామహులు గురుచరణ్, ఆ కాలపు కట్టుబాట్లను లెక్కచేయక వితంతువును వివాహమాడిన సంస్కర్త. ప్రశాంతచంద్రులు ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్‌చంద్ర బోస్, ప్రఫుల్లచంద్ర రాయ్ వంటి ఆచార్యుల సన్నిధిలో చదివి, 1912లో భౌతికశాస్త్రం ప్రధానాంశంగా పట్టభద్రులైనారు. మరుసటి సంవత్సరం ఇంగ్లండుకు ప్రయాణమైనారు. వారు చదువదలచినది లండనులో. ఒకనాడు కేంబ్రిడ్జి చూడబోయి, తిరుగు రైలు తప్పిపోయి, ఆ రాత్రి మిత్రుని ఇంట ఆగిపోవలసి వచ్చింది. కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరాన్ని చూచి ముగ్ధులై, లండను ఆలోచన విరమించి, ఆ కళాశాలలోనే చేరిపోయినారు. సంభావ్యతను జీవితవిషయంగా చేసుకొనబోయే వ్యక్తి చదువు ఇట్లు యాదృచ్ఛికంగా నిర్ణయం కావడం ముచ్చటగా తోస్తుంది.

కేంబ్రిడ్జిలో వారికి శ్రీనివాస రామానుజంతో స్నేహం కలిగింది. అక్కడి చలికి ఒకరోజు రామానుజం మంట దగ్గర ముడుచుకొని కూర్చుండి ఉండగా, రాత్రివేళ చలిని ఎట్లు తట్టుకొనుచున్నారని మహలనోబిస్ ప్రశ్నించారు. పైకోటు ధరించి, శాలువ కప్పుకొని పడుకొనుచున్నానని ఆయన సమాధానం. మహలనోబిస్ ఆ జవాబుతో తృప్తి చెందలేదు. పడకగదిలోకి వెళ్లి స్వయంగా చూచారు. దుప్పట్లు చాలినన్ని ఉన్నవి. అవి పరుపు అంచులలోనికి దోపి ఉన్నందున, వాటిని తొలగించి లోపల దూరి పడుకొనవలెనన్న సంగతి రామానుజానికి తెలియదు! ఎట్లు పడుకొనవలెనో మిత్రునికి చూపించి వచ్చారు. ఇది చిన్న సంఘటనయే గాని, సర్వే చేయదలచినవారు దీనిని గుర్తుంచుకొనడం మంచిది. అడిగినదానికి రామానుజం అబద్ధమాడలేదు, దేనినీ దాచలేదు. ఐనను గదిలోకి వెళ్లి చూచిన తరువాతనే అసలు విషయం బయటపడింది.

1915లో భౌతికశాస్త్రంలో ప్రథమశ్రేణి సాధించి స్వదేశానికి బయలుదేరబోగా, యుద్ధం కారణంగా ఓడ ఆలస్యమైంది. ఆ విరామంలో కళాశాల గ్రంథాలయంలో కాలక్షేపం చేస్తూండగా, బయోమెట్రికా అను గణాంకశాస్త్ర పత్రికను మెకాలే అను ఉపాధ్యాయుడు వారికి చూపించాడు. మహలనోబిస్ ఆ సంపుటాలన్నింటినీ కొనుగోలుచేసి, ఓడలో చదువుకొంటూ వచ్చారు. కలకత్తా చేరి ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులుగా చేరినారు గాని మనస్సంతా గణాంకాలమీదనే నిలిచింది. 1920లో నాగపూర్‌లో జరిగిన విజ్ఞాన మహాసభలో జంతుశాస్త్ర పరిశీలనా సంస్థ అధిపతి అన్నాండేల్‌తో పరిచయమైంది. ఆయన సేకరించిన ఆంగ్లో ఇండియనుల శరీర కొలతలను విశ్లేషించే పని మహలనోబిస్ చేపట్టారు. అనేక లక్షణాలను ఒక్కమారుగా పరిగణనలోకి తీసుకొని, రెండు సమూహాలు పరస్పరం ఎంత దూరంలో ఉన్నవో కొలిచే సూత్రం ఆ కృషినుండే పుట్టి, 1936 నాటికి పూర్ణరూపం దాల్చింది. నేడు కంప్యూటర్ శాస్త్రం చదివేవారికి మహలనోబిస్ దూరం అన్న పేరుతో పాఠ్యపుస్తకాలలో కనిపించేది ఇదే.

వరదలు కూడ వారిని ఈ శాస్త్రంవైపు మరింతగా లాగినవి. 1922లో ఉత్తర వంగదేశంలో పెనువరదలు రాగా, నీటిని నిలువచేయుటకు వ్యయభరితమైన జలాశయాలు నిర్మింపవలెనని నిపుణులు తలపెట్టారు. దశాబ్దాల వర్షపాతపు లెక్కలను పరిశీలించి, వాటివలన ప్రయోజనం లేదనీ, నీరు త్వరగా పారిపోయే మార్గమే కావలెననీ మహలనోబిస్ నిరూపించారు. 1926లో ఒరిస్సాలోని బ్రాహ్మణి నదికి వరద వచ్చినప్పుడు, నది అడుగు మేటవేసి పైకి వచ్చినదనీ గట్లు ఎత్తు చేయవలెననీ ఇంజనీర్లు వాదించారు. లెక్కలు ఆ వాదనను బలపరుపలేదు. ఎగువన ఆనకట్టలు కట్టడమే మార్గమని మహలనోబిస్ సూచించారు. అనంతరకాలంలో మహానదిపై వెలసిన హీరాకుడ్ ప్రాజెక్టు ఆలోచనకు ఈ లెక్కలే ఆధారమైనవి.

ప్రెసిడెన్సీ కళాశాలలో వారి గదిలోని ఒక మూలన ప్రారంభమైన చిన్న గణాంక ప్రయోగశాలయే 1931 డిసెంబరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌గా రూపొందింది. 1933లో సాంఖ్య అను పరిశోధన పత్రిక వెలువడింది. సొంత భవనం లేదు, ధనం లేదు. ఉన్నవారు కొద్దిమంది యువకులు, చేతితో త్రిప్పే లెక్కల యంత్రాలు మాత్రమే. ఆ రోజులలో కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే మనిషి.

మహలనోబిస్ ప్రతిభ పూర్తిగా వికసించినది జనుమునార సర్వేలో. వంగదేశపు ఆర్థికజీవనానికి జనుమునార మూలాధారం. ఎన్ని ఎకరాలలో వేశారు, ఎంత పంట వచ్చును అన్నది ముందుగా తెలియకపోతే రైతు, వ్యాపారి, ప్రభుత్వం అందరూ చీకటిలో తడుముకొనవలసినదే. 1937లో జనుమునార కేంద్రసంఘం ఈ పనిని వారికి అప్పగించింది. ప్రతి పొలాన్నీ లెక్కించడానికి బదులు, గ్రామపటాలమీద యాదృచ్ఛికంగా స్థలాలను ఎన్నుకొని, వాటిని మాత్రమే శ్రద్ధగా పరిశీలించే పద్ధతిని వారు చేపట్టారు. ఎన్నుకొనే తునక ఎంత పెద్దదిగా ఉండవలెను? తునకలు ఎన్ని ఉండవలెను? ఉద్యోగి ఒక గ్రామంనుండి మరొక గ్రామానికి నడచిపోవడానికి ఎంతకాలం పట్టును? ఉన్న డబ్బులో దోషాన్ని అతి తక్కువకు తేవడం ఎట్లు? ఈ ప్రశ్నలన్నింటినీ మొదట చిన్న ప్రమాణంలో ప్రయోగించి చూచి, సంవత్సరానికి కొంచెం చొప్పున విస్తరింపజేస్తూ, 1941 నాటికి రాష్ట్రమంతటికీ వ్యాపింపజేశారు. అసలు సర్వేకు ముందు నమూనాగా చిన్న సర్వే చేసి చూడవలెనన్న నియమానికి ఇంతటి గౌరవం తెచ్చినవారు మహలనోబిస్.

పంటకోత ప్రయోగాలలో ఒక విచిత్రం బయటపడింది. పొలంలో చిన్న వృత్తాన్ని గీసి, అందులోని పంటను కోసి తూచి, దానినిబట్టి ఎకరం దిగుబడిని అంచనా వేస్తారు. వృత్తం మరీ చిన్నదైనప్పుడు దిగుబడి నిజంకంటె ఎక్కువగా వచ్చింది. కారణం ఏమనగా, సరిగా అంచుమీద నిలిచిన మొక్క లోపలిదా, వెలుపలిదా అన్న సందేహం కలిగినప్పుడు కోసేవాడు దానిని లోపలికే చేర్చుచున్నాడు. ఇది మోసం కాదు, మానవ సహజం. వృత్తం చిన్నదవుతున్నకొద్దీ వైశాల్యంతో పోల్చితే అంచు పాలు పెరుగుతుంది, దానితో దోషమూ పెరుగుతుంది. ఎంత పరిమాణం సముచితమన్న విషయంపై పి. వి. సుఖాత్మె వంటి దిగ్దంతులతో తీవ్రమైన వాదోపవాదాలు జరిగినవి. ఆ వివాదంలో న్యాయమంతా ఒక పక్షానే ఉన్నదని చెప్పజాలము.

ప్రభుత్వం తన సిబ్బందితో ప్రతి మడినీ లెక్కించే సంపూర్ణగణన కూడ జరిపించింది. నమూనా సర్వేకు అయిన ఖర్చు అందులో సుమారు పదవవంతు. వ్యాపార వర్గాల లెక్కలతో పోల్చి చూడగా నమూనా సర్వేయే నిజానికి చేరువగా ఉన్నది. వేలాదిమంది శిక్షణలేని గణకులు చేసిన సంపూర్ణగణనకంటె, కొద్దిమంది శిక్షితులు చేసిన పరిశీలన మేలని తేలడం ఆనాటి అధికారులకు మింగుడుపడని సత్యం.

ఇక వారి ఆలోచనలలోకెల్ల గొప్పదిగా నాకు తోచేది పరస్పర వ్యాప్త ఉపనమూనాల పద్ధతి. పేరు కఠినంగా ఉన్నదే గాని భావం సులభం. ఒకే ప్రాంతంలో ఒకే విషయంపై రెండు నమూనాలను విడివిడిగా ఎన్నుకొని, ఒకదానిని ఒక జట్టుకు, రెండవదానిని మరొక జట్టుకు అప్పగిస్తారు. ఒకరి ఫలితం మరొకరికి తెలియదు. రెండు అంచనాలు దగ్గరగా వస్తే విశ్వాసం కలుగుతుంది. దూరంగా పోతే ఎక్కడో లోపమున్నదని సర్వే తనంతట తానే చాటిచెబుతుంది. అనగా సందేహాన్ని సర్వే ముగిసిన తరువాత విమర్శకులు లేవనెత్తేవరకు ఆగక, మొదటనే దాని నిర్మాణంలో ఒక భాగంగా చేర్చినారన్నమాట.

వెబ్‌లో ప్రశ్నావళిని నిర్మించే మన యువకులు ఈ సూత్రాన్ని ఎంత సులభంగా అమలుపరుపవచ్చునో ఆలోచించండి. వచ్చినవారిని యాదృచ్ఛికంగా రెండు భాగాలుగా చేసి, ఒక భాగానికి జవాబుల వరుస ఒక విధంగా, రెండవ భాగానికి తలక్రిందులుగా చూపితే చాలును. జాబితాలో మొదట ఉన్నదానినే నొక్కిపోయేవారు ఎందరో తెలిసిపోతుంది. మహలనోబిస్‌కు రెండు జట్లు, రెండు ప్రయాణాల ఖర్చులు కావలసి వచ్చినవి. నేటివారికి కావలసినది నాలుగు పంక్తుల ప్రోగ్రాము. ఐనను దీనిని చేర్చేవారు అరుదు. మరొక చిక్కు ఇంకను పెద్దది. అందరికీ తెరచి ఉంచిన ప్రశ్నావళికి ఇష్టమున్నవారే జవాబిస్తారు. ఇష్టం లేనివారు, ఫోను లేనివారు, చదువురానివారు ఆ లెక్కలో కనిపించరు. లక్షమంది జవాబిచ్చినప్పటికీ అది నమూనా కాజాలదు.

1943 నాటి వంగదేశపు మహాక్షామం ఈ శాస్త్రానికి కఠిన పరీక్ష. క్షామం తగ్గుముఖం పట్టిన తరువాత 1944–45లో మహలనోబిస్ బృందం బాధిత గ్రామాలలో నమూనా సర్వే నడిపింది. ఎవరు భూమిని కోల్పోయారు, ఎవరు బిచ్చమెత్తుకొనే స్థితికి దిగజారినారు అని ఇల్లిల్లూ తిరిగి విచారించారు. వ్యవసాయ కూలీలు, జాలరులు, దంపుళ్లపై బ్రతికే పేదలు అందరికంటె ఎక్కువగా దెబ్బతిన్నారని ఆ విచారణలో వెల్లడైంది. తిండిగింజలు పండించేవానికంటె కొనుక్కొని తినేవాడే మొదట కూలిపోయినాడు. తరువాతి తరాలలో క్షామాలను గూర్చి వ్రాసిన ఆర్థికవేత్తలు ఈ నివేదికను ఆధారంగా గ్రహించారు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌కు 1941లో ఒక తెలుగు యువకుడు శిక్షణకై చేరినాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెదుక్కొంటూ కలకత్తా చేరిన ఆ యువకుడే కల్యంపూడి రాధాకృష్ణ రావు. 1945లోనే ప్రపంచఖ్యాతి గాంచిన ఫలితాలను ప్రకటించి, గురువుకు కుడిభుజమై, ఆ సంస్థలో దశాబ్దాలపాటు పనిచేశారు. శిష్యులను ఎన్నుకొనడంలో మహలనోబిస్ ఊరూ భాషా చూడలేదనుటకు ఇది చక్కని తార్కాణం.

స్వాతంత్ర్యానంతరం దేశపు జాతీయాదాయాన్ని లెక్కింపవలసి వచ్చింది. 1949లో ఏర్పడిన జాతీయాదాయ సంఘానికి మహలనోబిస్ అధ్యక్షులు. లెక్కింపుకు పూనుకొనగా ఆధారాలే కొరవడినవి. పల్లెలో సామాన్యుడు ఏమి తింటున్నాడు, ఎంత ఖర్చు చేస్తున్నాడు అన్నది ఎవరికీ తెలియదు. ఆ లోటును పూరించడానికి 1950లో జాతీయ నమూనా సర్వే అవతరించింది. మొదటి విడత 1950 అక్టోబరు నుండి 1951 మార్చి వరకు జరిగింది. దేశంలోని ఐదున్నర లక్షలకు పైబడిన గ్రామాలనుండి ఎన్నుకొన్నవి 1,833 మాత్రమే.

ఇంత విశాలదేశంలో ఒకే ప్రశ్నను అన్నిచోట్లా ఒకే అర్థంలో అడగడం ఎంత కష్టమో రెండు భాషల మధ్య మసలే మన విద్యార్థులకు ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. కుటుంబమన్న ఒక్క మాటనే చూడండి. తెలుగులో కుటుంబమంటే పట్నంలో ఉద్యోగం చేసే కుమారుడూ అందులోనివాడే. ఉర్దూలో ఖాందాన్ అంటే వంశమంతా వచ్చి చేరుతుంది. కావున సర్వేలో నిర్వచనం వేరుగా చేశారు: సాధారణంగా కలసి నివసిస్తూ ఒకే పొయ్యిమీది వంట తినేవారందరూ ఒక కుటుంబం. కొలతలదీ అదే గొడవ. ఊరూరికీ మానిక వేరు, కుంచం వేరు, సేరు వేరు. అడిగేవాడు స్థానిక కొలతను తెలుసుకొని, దానిని ప్రామాణిక తూకంలోకి మార్చుకొనవలెను.

అంతకంటె సూక్ష్మమైనది కాలవ్యవధి సమస్య. గడచిన వారంలో ఎంత బియ్యం తిన్నారు అని అడగాలా, గడచిన నెలలో అని అడగాలా? నెల అంటే మరచిపోయే ప్రమాదమున్నది. వారం అంటే అంతకుముందటి ఖర్చులు కూడ జ్ఞాపకంలో ముందుకు జరిగివచ్చి చేరే ప్రమాదమున్నది. మహలనోబిస్, ఎస్. బి. సేన్ కలసి 1954లో ప్రకటించిన ప్రయోగఫలితాలనుబట్టి, వారపు లెక్క నెల లెక్కకంటె ఎక్కువగా వస్తున్నదనీ, తూచి చూచినదానికి నెల లెక్కయే దగ్గరగా ఉన్నదనీ తేలింది. ముప్పది రోజుల వ్యవధి అట్లు స్థిరపడి దశాబ్దాలు నిలిచింది. 1999–2000లో ఆహారంపై వారమూ నెలా రెండూ ఒకే కుటుంబాన్ని పక్కపక్కనే అడిగినందువలన, ఆ ఫలితాలను పాతవాటితో పోల్చవచ్చునా అని ఆర్థికవేత్తల మధ్య పెద్ద చర్చ చెలరేగింది. ప్రశ్నలో ఒక్క మాట మారితే లెక్కలోని పేదలు కోట్ల సంఖ్యలో పెరగవచ్చును, తరగవచ్చును. ప్రశ్నావళి తయారుచేయడం గుమాస్తా పని అనుకొనేవారు ఈ ఉదంతాన్ని మననం చేసుకొనవలెను. 2022–23 వినియోగవ్యయ సర్వేలో గణకులు టాబ్లెట్ కంప్యూటర్లు చేతపట్టి, ఒక్కొక్క ఇంటికి మూడుమార్లు వెళ్లి అడిగినారు. వస్తువునుబట్టి వారం, నెల, సంవత్సరం అని వ్యవధులు విడదీశారు. వ్యవధి ఎంత ఉండవలెనన్న ప్రశ్న మాత్రం ఈనాటికీ పూర్తిగా సమసిపోలేదు.

కాగితాలపై వచ్చిన జవాబులను కార్డులపై రంధ్రాలుగా పొడిచి, యంత్రాలతో వేరుచేసి కూడేవారు. ప్రతి విడతలో లక్షలాది అంకెలు. జవాబు సున్నయా, లేక అసలు అడుగనేలేదా అన్న భేదం ఆ కార్డులో చెరిగిపోకుండ చూడవలెను. ఖాళీ గడిని సున్నగా లెక్కించే పొరపాటు నేటి ప్రోగ్రాములలోనూ జరుగుతూనే ఉన్నది. తల్లి వయస్సు బిడ్డ వయస్సుకంటె తక్కువగా పడితే పట్టుకొనే తనిఖీ ఆనాడు కాగితంమీదనే, మనుష్యుల కళ్లతోనే జరిగేది. ఈ భారాన్ని మోయడానికే మహలనోబిస్ ఎలెక్ట్రానిక్ యంత్రాలవైపు చూపు సారించారు. 1953లో సమరేంద్రకుమార్ మిత్ర ఆధ్వర్యంలో ఇన్‌స్టిట్యూట్‌లోనే ఒక చిన్న అనలాగ్ కంప్యూటర్ తయారైంది. ఇంగ్లండునుండి తెప్పించిన హెచ్.ఇ.సి. 2ఎం అను యంత్రం 1956లో పనిచేయ నారంభించింది. మనదేశంలో నడచిన మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. ఆ దశాబ్దాంతంలో సోవియట్ దేశపు ఉరల్ యంత్రం వచ్చి చేరింది. ఈ విధంగా మన దేశానికి కంప్యూటర్ వచ్చిన త్రోవలలో ఒకటి సర్వేయే.

ప్రణాళికాసంఘ సభ్యులుగా వారు రూపొందించిన నమూనాయే 1956లో ప్రారంభమైన రెండవ పంచవర్ష ప్రణాళికకు పునాది. భారీ పరిశ్రమలకు అగ్రస్థానమిచ్చిన ఆ ప్రణాళిక వ్యవసాయాన్ని, నిత్యావసర వస్తువులను వెనుకకు నెట్టినదని బి. ఆర్. షెనాయ్, వకీల్, బ్రహ్మానంద వంటివారు ఆనాడే విమర్శించారు. ఆ విమర్శలో బలమున్నది. పంట లెక్కలో అంత సందేహశీలిగా మెలగిన ఆచార్యులు, ప్రణాళికా నమూనాలోని తమ ఊహలను అంతే కఠినంగా పరీక్షించి ఉండవలసినదని నా అభిప్రాయం. స్వభావంలోనూ వారు పట్టుదల గలవారు. సంస్థను తమ చేతులమీదనే నడుపుకొన్నారు. సహచరులతో ఘర్షణలు తప్పలేదు.

1945లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మవిభూషణ్ వారిని వరించినవి. 1959లో పార్లమెంటు చట్టంద్వారా ఇన్‌స్టిట్యూట్‌కు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు, పట్టాలు ప్రదానం చేసే అధికారం లభించినవి. ఐతే 1970లో సర్వే పనులన్నింటినీ ఒకే ప్రభుత్వసంస్థ క్రిందికి తెచ్చే నిర్ణయం జరిగింది. ఇరవై ఏండ్లపాటు తమ కనుసన్నలలో పెరిగిన సర్వే ఆ విధంగా ఇన్‌స్టిట్యూట్ చేతులు దాటింది. 1972 జూన్ 28వ తేదీన, డెబ్బది తొమ్మిదవ జన్మదినానికి ఒక్కరోజు ముందు, మహలనోబిస్ కలకత్తాలో కన్నుమూశారు. సంస్థ బాధ్యతలను సి. ఆర్. రావు స్వీకరించారు. 2007 నుండి జూన్ 29వ తేదీని దేశమంతటా గణాంక దినోత్సవంగా జరుపుకొంటున్నారు.